పాఠకుల ప్రశ్నలు: సైన్యంలో పై అధికారి మీదే ఫిర్యాదు వస్తే విచారించేది ఎవరు?

సైన్యంలో ఉన్నత హోదాలో ఉన్నవారిపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చినప్పుడు ఏం జరుగుతోంది, ఏం జరగాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. రాసినవారిలో సర్వీసులో ఉన్నవారు, వారి కుటుంబసభ్యులు కూడా ఉన్నందువల్ల ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి సైన్యంలో అధికారిగా పనిచేస్తోంది. విదేశాలలో ఏకంగా సైన్యాధిపతుల మీదే ఇటువంటి ఆరోపణలు వచ్చాయని, అయినా ఎవరూ జైలుకు వెళ్లలేదని చదివాను. సిపాయి తప్పు చేస్తే వెంటనే శిక్షించే వ్యవస్థ జనరల్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడుతుంది?

జవాబు: మీరు చదివినది కెనడా సంగతి అయి ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ దేశపు అనుభవంలోనే దొరుకుతుంది కనుక దానిని కొంత వివరంగా చెబుతాను. 2015 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి మేరీ డెషాం ఇచ్చిన నివేదిక, సైన్యంలో మహిళల పట్ల వైరభావంతో కూడిన వాతావరణం వేళ్లూనుకుని ఉందని స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాదే సైన్యాధిపతి అయిన జనరల్ జొనాథన్ వాన్స్ ఆ వాతావరణాన్ని రూపుమాపుతానంటూ 'ఆపరేషన్ ఆనర్' ప్రారంభించారు. 2021 జనవరిలో ఆయన పదవి నుంచి దిగిపోయారు. నెల తిరగకముందే, తన కింద పనిచేసిన ఒక మహిళా అధికారితో ఆయన ప్రవర్తన గురించిన ఆరోపణలు బయటికి వచ్చాయి. కంచే చేను మేసిందన్న బాధ ఆ సైన్యంలోని మహిళలందరికీ కలిగి ఉంటుంది. ఆయన స్థానంలో వచ్చిన అడ్మిరల్ ఆర్ట్ మెక్‌డొనాల్డ్ కూడా తనపై దర్యాప్తు మొదలైనందువల్ల ఆరు వారాలు నిండకుండానే పక్కకు తప్పుకున్నారు. మెక్‌డొనాల్డ్‌పై అభియోగం మోపడానికి చాలినంత సాక్ష్యం లేదని సైనిక పోలీసులు తరువాత ప్రకటించారు. వాన్స్ విషయంలో కోర్టు దాకా వెళ్లినది న్యాయప్రక్రియకు అడ్డుపడ్డారన్న అభియోగం ఒక్కటే. తమ పాత సంబంధం గురించి దర్యాప్తు అధికారులకు నిజం చెప్పవద్దని ఆయన ఆ మహిళపై ఒత్తిడి తెచ్చారు. 2022 మార్చిలో ఆయన ఆ నేరాన్ని ఒప్పుకోగా, సాధారణ కోర్టు 12 నెలల ప్రొబేషన్ (జైలు లేకుండా షరతులతో కూడిన పర్యవేక్షణ), 80 గంటల సమాజసేవ విధించింది.

ఇప్పుడు వాన్స్‌ను విచారించగలవారు ఎవరో చూడండి. దర్యాప్తు చేయవలసిన సైనిక పోలీసుల అధిపతికి, చట్టం ప్రకారం, వైస్ చీఫ్, అంటే సైన్యాధిపతి తరువాతి స్థానంలో ఉండే అధికారి, ఆదేశాలు ఇవ్వగలరు. దర్యాప్తు ఇంకా నడుస్తుండగానే, 2021 జూన్‌లో, ఆ వైస్ చీఫ్, నౌకాదళాధిపతి ఇద్దరూ వాన్స్‌తో కలిసి గోల్ఫ్ ఆడారు. అది బయటపడ్డాక వైస్ చీఫ్ పదవి వదులుకోవలసివచ్చింది. ఆ ఆటలో దర్యాప్తు గురించి ఒక్క మాట కూడా దొర్లలేదనే అనుకుందాం. ఫిర్యాదు చేసిన మహిళ మరునాడు ఆ వార్త చదివితే తనకు న్యాయం జరుగుతుందని ఎలా నమ్మగలదు? అంతకు మూడేళ్ల ముందు, 2018 మార్చిలో, సైనికుల ఫిర్యాదులను స్వతంత్రంగా పరిశీలించే సైనిక అంబుడ్స్‌మన్ గ్యారీ వాల్‌బోర్న్ వాన్స్‌పై వచ్చిన సమాచారాన్ని రక్షణ మంత్రి హర్జిత్ సజ్జన్ ముందు పెట్టబోయారు. సాక్ష్యం చూపించడానికి తాను జేబులో చెయ్యి పెట్టగానే మంత్రి బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిగి, చూడనన్నారని వాల్‌బోర్న్ పార్లమెంటరీ కమిటీకి చెప్పారు. దర్యాప్తులో రాజకీయ నాయకుడు జోక్యం చేసుకోవడం సరికాదని భావించానని మంత్రి వివరణ ఇచ్చారు. ఆ వివరణలో న్యాయం లేదని అనలేము, కానీ ఫలితం మాత్రం ఒక్కటే: ఫిర్యాదు ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోయింది, ఆ అధికారి దాదాపు మరో మూడేళ్లు అదే పదవిలో కొనసాగారు.

సైనికాధికారులే తీర్పరులుగా కూర్చునే సైనిక న్యాయస్థానమైన కోర్ట్ మార్షల్‌లోనూ ఇదే చిక్కు ఉంది. నిందితుడి కంటే తక్కువ హోదా ఉన్నవారు సాధారణంగా తీర్పరులుగా కూర్చోకూడదన్నది అనేక దేశాల సైనిక న్యాయంలో పాతుకుపోయిన నియమం. కిందివారు పైవారికి భయపడి తీర్పు చెబుతారేమోనన్న సదుద్దేశంతో పెట్టిన ఆ నియమం వల్ల, హోదా పెరిగేకొద్దీ కూర్చోగలిగినవారి సంఖ్య తగ్గుతూ వస్తుంది. ఆ కొద్దిమంది ఒకే అకాడమీలో చదివి, ఒకే యుద్ధక్షేత్రంలో పనిచేసి, ఒకరి ఇంట పెళ్లికి మరొకరు వెళ్లినవారై ఉంటారు. సిపాయి పైన అధికారులు వందల మంది ఉంటారు. జనరల్ పైన ఎవరున్నారు? మీరు చెప్పిన తడబాటు అక్కడి నుంచి మొదలవుతుంది.

ప్రశ్న: నేను చాలాకాలం సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను. క్రమశిక్షణ అంతా కమాండరు మాట మీద నిలబడుతుంది. కేసులు బయటివారి చేతికి ఇస్తే కమాండరు అధికారం బలహీనపడదా? సైన్యం సంగతి తెలియని సివిల్ న్యాయమూర్తి ఏం అర్థం చేసుకుంటారు?

జవాబు: మీ ఆందోళన గౌరవించదగినది. అమెరికా సైన్యం దశాబ్దాల పాటు ఇదే వాదన వినిపించింది. అయితే ఆ వాదనను దెబ్బతీసింది కూడా కమాండర్ల నిర్ణయాలే. 2012లో ఇటలీలోని అవియానో స్థావరంలో ఒక లెఫ్టినెంట్ కల్నల్‌ను కోర్ట్ మార్షల్ లైంగిక దాడి కేసులో దోషిగా తేల్చి ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు విధించింది. ఆ తీర్పు చెప్పినవారు సైనికాధికారులే. 2013 ఫిబ్రవరిలో వారి పై అధికారి, లెఫ్టినెంట్ జనరల్ క్రెయిగ్ ఫ్రాంక్లిన్, తనకున్న విచక్షణాధికారంతో ఆ తీర్పును కొట్టివేసి అతడిని తిరిగి విధుల్లోకి పంపించారు. సాక్షులను చూసి, విని ఇచ్చిన తీర్పును, వారిని ఎదుట చూడని కమాండరు ఒక్క సంతకంతో తుడిచివేయగలిగారు. ప్రజలలో ఆగ్రహం పెల్లుబికింది, అమెరికా కాంగ్రెస్ ఆ అధికారాన్ని చాలావరకు కత్తిరించింది.

అది చాలలేదని తరువాత తేలింది. 2020లో అమెరికాలోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వెనెస్సా గియెన్ అనే యువ సైనికురాలి హత్య తరువాత వేసిన స్వతంత్ర విచారణ, ఆ స్థావరంలో లైంగిక వేధింపుల నివారణ వ్యవస్థ పనిచేయడం లేదని తేల్చగా, 14 మంది అధికారులను, నాయకులను తొలగించడమో సస్పెండ్ చేయడమో జరిగింది. 2021 డిసెంబరులో చేసిన చట్టంతో అత్యాచారం, లైంగిక దాడి, హత్య, గృహహింస వంటి నేరాలలో విచారణ జరపాలా వద్దా అనే నిర్ణయం కమాండర్ల చేతి నుంచి తీసి, స్వతంత్రంగా పనిచేసే ప్రత్యేక సైనిక ప్రాసిక్యూటర్లకు అప్పగించారు. అది 2023 డిసెంబరు 28 నుంచి అమలులో ఉంది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, అక్కడ విచారించేది ఇప్పటికీ సైనిక న్యాయస్థానమే, ప్రాసిక్యూటరు కూడా యూనిఫాం వేసుకున్న న్యాయవాదే. మారినది ఒక్కటే: నిందితుడి పై అధికారి ఇష్టాయిష్టాల మీద కేసు ఆధారపడదు. మీ అభ్యంతరానికి ఇది చాలావరకు సమాధానం అవుతుందని నా నమ్మకం.

దక్షిణ కొరియా ఇంకా ముందుకు వెళ్లింది. 2021లో వేధింపులకు గురైన ఒక వైమానిక దళ మహిళా సార్జెంటు, రాజీపడమని పై అధికారులు ఒత్తిడి తేగా ప్రాణాలు తీసుకుంది. వైమానిక దళాధిపతి రాజీనామా చేయవలసివచ్చింది. 2022 జులై 1 నుంచి అక్కడ సైనికులపై వచ్చే లైంగిక నేరాల కేసులు సాధారణ కోర్టులకే వెళ్తున్నాయి. కెనడాలో కూడా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లూయీజ్ ఆర్బర్ 2022 మే నెలలో ఇచ్చిన 48 సిఫారసులలో ఇటువంటి నేరాలను పూర్తిగా సాధారణ కోర్టులకే అప్పగించాలన్నది ముఖ్యమైనది. సాయుధ శత్రువు ఎదురుగా ఉండడం వేరు, లైంగిక దాడి వేరు. రెండవదానిని అర్థం చేసుకోవడానికి యుద్ధానుభవం అక్కరలేదు. మీరు సర్వీసులో ఉన్నప్పుడు మీ కిందివారు మిమ్మల్ని నమ్మే కదా మీ వెంట నడిచారు. తనను వేధించిన వ్యక్తి స్నేహితుడే తన కేసును తేలుస్తాడని తెలిసిన సైనికురాలికి ఆ నమ్మకం ఎలా కలుగుతుంది?

ప్రశ్న: మన దేశంలో చట్టం ఏం చెబుతోంది? మహిళా అధికారి తన పై అధికారి మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

జవాబు: దారులు ఒకటికి మించి ఉన్నాయి, చిక్కు కూడా అక్కడే వస్తుంది. 2013 నాటి పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం సైన్యానికీ వర్తిస్తుంది. కనుక అంతర్గత ఫిర్యాదుల కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. కమిటీకి మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యులలో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. విచారణ నడుస్తున్నంతకాలం ఫిర్యాదుదారునైనా నిందితుడినైనా బదిలీ చేయమని, ఫిర్యాదుదారుకు మూడు నెలల దాకా సెలవు ఇమ్మని కమిటీ సిఫారసు చేయవచ్చు. అయితే కమిటీలోని మిగతా సభ్యులు నిందితుడి ఆధీనంలోనే పనిచేసేవారైతే చట్టం ఇచ్చిన ఈ రక్షణ కాగితానికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. ఫిర్యాదు యజమాని మీదే అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చని ఆ చట్టపు 6వ సెక్షన్ చెబుతుంది. కమాండింగ్ ఆఫీసరు ఆ నిర్వచనంలోకి వస్తారా అన్నది న్యాయవాది సాయంతో వాదించవలసిన విషయం.

రెండవ దారి 1950 నాటి సైనిక చట్టం. పై అధికారి వల్ల అన్యాయం జరిగిందని భావించే అధికారి 27వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. నేరారోపణ అయితే సాధారణంగా ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (వాస్తవాలు సేకరించే ప్రాథమిక విచారణ), తరువాత సాక్ష్యాల నమోదు, ఆపైన జనరల్ కోర్ట్ మార్షల్ జరుగుతాయి. కోర్ట్ మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు కూర్చుంటారు. వారికి న్యాయపరమైన సలహా ఇచ్చే జడ్జ్ అడ్వొకేట్‌కు ఓటు ఉండదు. తీర్పు, శిక్ష పై అధికారి ధ్రువీకరించేదాకా చెల్లవు. ఇక్కడ ఒక నిబంధనను దగ్గరగా చూడాలి. ఎవరి నడవడికపై లేదా సైనిక ప్రతిష్ఠపై మచ్చ పడే అవకాశం ఉందో, ఆ వ్యక్తికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరుగుతున్నంతసేపూ అక్కడ ఉండే హక్కును, సాక్షులను అడ్డుప్రశ్నలు వేసే హక్కును సైనిక నియమావళిలోని 180వ నిబంధన ఇస్తుంది. నిందితుడి రక్షణకు అది అవసరమే. కానీ ఆ గదిని ఒకసారి ఊహించండి. బల్లకు ఒకవైపు కెప్టెన్ హోదాలో ఉన్న యువతి, రెండోవైపు ఆమె పనితీరుపై వార్షిక రహస్య నివేదిక రాసిన జనరల్. ఆయనే ఆమెను స్వయంగా ప్రశ్నిస్తారు. రాసుకుంటున్న అధికారులు ఆయనను రోజూ చూసేవారు. ఇటువంటి కేసులలో ప్రశ్నలను న్యాయవాది ద్వారానో, తెర అడ్డుపెట్టో వేసే ఏర్పాటు తప్పనిసరి చేయడానికి ఏ క్రమశిక్షణా అడ్డు రాదు.

మూడవ దారి పోలీసు స్టేషను. అయితే సైనిక చట్టం 125వ సెక్షన్ ప్రకారం, ఒక నేరాన్ని సాధారణ కోర్టూ కోర్ట్ మార్షలూ రెండూ విచారించగలిగినప్పుడు, ఎక్కడ విచారించాలో నిర్ణయించే విచక్షణ సైనిక కమాండరుది. మేజిస్ట్రేటు అభ్యంతరం చెబితే చివరిమాట కేంద్ర ప్రభుత్వానిది. 2021లో కోయంబత్తూరులోని వైమానిక దళ కళాశాలలో ఒక మహిళా అధికారి, సంస్థ చర్యలతో తృప్తిపడక పోలీసుల వద్దకు వెళ్లగా, వారు నిందితుడిని అరెస్టు చేశారు. చివరకు కోర్టు అతడిని వైమానిక దళానికే అప్పగించింది. ఏ సంస్థ మీద నమ్మకం లేక బయటికి వచ్చిందో ఆ సంస్థకే కేసు తిరిగి వెళ్లడం చట్టబద్ధమే అయినా, ఫిర్యాదుదారు అభిప్రాయానికి 125వ సెక్షన్‌లో చోటే లేకపోవడం సవరించవలసిన లోపమని నా అభిప్రాయం.

వ్యవస్థ అసలు కదలదని మాత్రం అనలేము. ఈశాన్యంలో 2016లో కెప్టెన్ హోదాలోని మహిళా అధికారి పట్ల అసభ్యంగా ప్రవర్తించారన్న కేసులో ఒక మేజర్ జనరల్‌ను 2018 డిసెంబరులో జనరల్ కోర్ట్ మార్షల్ దోషిగా తేల్చి, సర్వీసు నుంచి తొలగించాలని సిఫారసు చేసింది.

ప్రశ్న: బాధితురాలు సైన్యంలో లేని సాధారణ పౌరురాలైతే?

జవాబు: సైనిక చట్టానికి లోబడని వ్యక్తిపై జరిగిన అత్యాచారాన్ని కోర్ట్ మార్షల్ విచారించరాదని 70వ సెక్షన్ చెబుతుంది. కానీ నిందితుడు క్రియాశీల విధులలో ఉన్నా, దేశం బయట ఉన్నా, ప్రభుత్వం ప్రకటించిన సరిహద్దు పోస్టులో ఉన్నా మినహాయింపు ఉంది. ఆచరణలో ఇటువంటి కేసులు వివాదాస్పదమయ్యే ప్రాంతాలు ఆ మినహాయింపులోకే వస్తాయి. సాయుధ బలగాల సిబ్బంది చేసే లైంగిక హింసను సాధారణ శిక్షాస్మృతి పరిధిలోకి తేవాలని లైంగిక నేరాల చట్టాల సవరణ కోసం కేంద్రం వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలోనే సిఫారసు చేసింది. మోహరించిన ప్రాంతంలో సాయుధ బలగాల సభ్యుడు చేసే అత్యాచారాన్ని మరింత తీవ్రమైన నేరంగా చట్టంలో చేర్చారు. విచారణ వేదిక విషయంలో మాత్రం సిఫారసు అమలు కాలేదు.

ప్రశ్న: ఆరోపణ రాగానే పెద్ద అధికారులు రిటైరైపోతారు, పింఛను తీసుకుంటారు. దానితో అంతా ముగిసినట్టేనా?

జవాబు: ముగియకూడదు, చట్టరీత్యా ముగియదు కూడా. మన సైనిక చట్టం 123వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా చేసిన నేరానికి రిటైరైన మూడేళ్ల లోపల కోర్ట్ మార్షల్ మొదలుపెట్టవచ్చు. అయితే 122వ సెక్షన్ కింద నేరం జరిగిన లేదా తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు కూడా ఉంది. సైనిక తిరుగుబాటు, పారిపోవడం వంటివాటికి ఈ గడువు లేదు, అత్యాచారానికి ఉంది. సైన్యం దృష్టిలో ఏది ఎక్కువ బరువైన నేరమో ఈ తేడా చెప్పకనే చెబుతోంది. సాధారణ కోర్టులో అత్యాచారం కేసుకు అటువంటి గడువేమీ లేదు. భయంతో ఏళ్ల తరబడి మౌనంగా ఉన్నవారికి ఇది ముఖ్యం.

శిక్షల విషయంలో బయటి దేశాల చరిత్ర కూడా గర్వించదగినదిగా లేదు. 2014లో అమెరికా సైన్యపు బ్రిగేడియర్ జనరల్ జెఫ్రీ సింక్లెయిర్‌పై ఉన్న లైంగిక దాడి అభియోగాలను తేలికైన నేరాలు ఒప్పుకున్నందుకు ఉపసంహరించగా, 20,000 డాలర్ల జరిమానా, మందలింపుతో సరిపెట్టారు. తరువాత ఆయనను లెఫ్టినెంట్ కల్నల్ హోదాకు తగ్గించి రిటైర్ చేశారు. 2022లో మేజర్ జనరల్ విలియం కూలీ, అమెరికా వైమానిక దళ చరిత్రలో కోర్ట్ మార్షల్‌లో దోషిగా తేలిన మొదటి జనరల్ అయ్యారు. ఆ దళం 1947లో ఏర్పడిందని గుర్తుంచుకోవాలి. ఆయనకు పడిన శిక్ష మందలింపు, ఐదు నెలల పాటు జీతంలో కోత. అయినా రిటైర్మెంటు నాడు హోదా తగ్గించడం చిన్న విషయం కాదు. అధికారి జీవితమంతా సంపాదించుకున్నది హోదానే, పింఛను కూడా దానితోనే ముడిపడి ఉంటుంది. దర్యాప్తు ముగిసేదాకా రిటైర్మెంటు ప్రయోజనాలను తాత్కాలికంగా నిలిపి ఉంచడం, నిర్దోషి అని తేలితే వడ్డీతో చెల్లించడం న్యాయమైన పద్ధతి. మౌనంగా పంపించివేసి ప్రతిష్ఠ కాపాడుకున్నామనుకునే సంస్థ, ఫిర్యాదు చేసిన మహిళ ప్రతిష్ఠను ప్రశ్నార్థకంగా వదిలేస్తోంది.

ప్రశ్న: అబద్ధపు ఆరోపణతో ఒక మంచి అధికారి జీవితం నాశనమైతే?

జవాబు: ఆ భయం నిజమైనదే. కెనడాలో కోవిడ్ టీకాల పంపిణీని నడిపిన మేజర్ జనరల్ డానీ ఫోర్టిన్‌ను 2021 మే నెలలో ఒక పాత ఆరోపణ కారణంగా ఆ బాధ్యత నుంచి తప్పించారు. 2022 డిసెంబరులో సాధారణ కోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. ఈ ఉదాహరణను స్వతంత్ర విచారణకు వ్యతిరేకంగా వాడేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇది దానికి అనుకూలంగానే కనిపిస్తుంది. తోటి జనరళ్లే ఆయనకు క్లీన్ చిట్ ఇచ్చి ఉంటే ఎవరూ నమ్మి ఉండేవారు కాదు. బహిరంగ న్యాయస్థానం చెప్పింది కనుకనే ఆయన తల ఎత్తుకుని నడవగలిగారు.

మరొక మాట. సైనిక చట్టం 56వ సెక్షన్ తెలిసి చేసిన అబద్ధపు ఆరోపణకు ఐదేళ్ల దాకా జైలు విధిస్తుంది, అంటే నిందితుడికి రక్షణ ఇప్పటికే ఉంది. ఆరోపణను రుజువు చేయలేకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. 2013 చట్టంలోని 14వ సెక్షన్ ఈ తేడాను స్పష్టంగా గుర్తించింది.

ప్రశ్న: నేను సర్వీసులో ఉన్నాను. నా పై అధికారి ప్రవర్తన గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీరు రాయడమే పెద్ద అడుగు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ నిర్ణయం, దానికోసం మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదు. కానీ నిర్ణయం తీసుకునేలోగా సాక్ష్యం చెదిరిపోకుండా చూసుకోండి. జరిగినది జరిగినట్టు, తేదీ, సమయం, చోటు, అక్కడ ఉన్నవారి పేర్లతో సొంత చేతిరాతతో రాసి పెట్టుకోండి. సందేశాలు తుడిచివేయకండి. వ్యక్తిగత సందేశాల నకళ్లు యూనిట్‌తో సంబంధం లేని నమ్మకస్తుల వద్ద ఉంచండి. అయితే విధులకు చెందిన రహస్య పత్రాలేవీ బయటికి తీసుకెళ్లవద్దు, అది మీ మీదికే తిరుగుతుంది. ఆ రోజుల్లో మీరు మాట్లాడిన స్నేహితురాలి సాక్ష్యం కూడా విలువైనదే.

ఫిర్యాదు ఇస్తే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. మూడు నెలల గడువు మరువకండి. లైంగిక దాడి జరిగి ఉంటే ఏ పోలీసు స్టేషనులోనైనా, పరిధితో నిమిత్తం లేకుండా, ఎఫ్ఐఆర్ నమోదు చేయవలసిందే. నిరాకరిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. వైద్యపరీక్ష మీ సమ్మతితోనే జరగాలి. బాధితురాలి గత లైంగిక జీవితాన్ని తేల్చే పేరుతో 'రెండు వేళ్ల పరీక్ష' చేయడం దుష్ప్రవర్తనే అవుతుందని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో స్పష్టం చేసింది. ఎవరైనా దానికి సిద్ధపడితే మీరు వద్దని చెప్పవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదని వెనుకాడవద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది, యూనిఫాంలో ఉన్నవారికి కూడా ఆ హక్కు ఉంది.